మోకా మీది భూమి, తెర మీది భూమి: ధరణి పోర్టల్ ఆధారంగా సాఫ్ట్‌వేర్ నిర్మాణ పద్ధతుల విమర్శ

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ బృందాలు పనిని ఎలా పంచుకోవాలి, చేసినదాన్ని ఎప్పటికప్పుడు ఎలా సరిచూసుకోవాలి, తయారైన వస్తువును వాడుకరి చేతికి ఎలా అందించాలి అన్న విషయాలపై అర్ధశతాబ్దిగా చర్చ సాగుతోంది. ఆ చర్చలోని ప్రధాన భావనల వెలుగులో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ 'ధరణి'ని (2020–2025) పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వరంగల్ జిల్లా నర్సంపేట రెవెన్యూ డివిజన్ భూవ్యవహారాన్నీ, ఆ ప్రాంతపు పలుకుబడినీ గీటురాయిగా తీసుకొని ఆ భావనల బలాబలాలను కూడా ఇందులో చర్చించడం జరిగింది. పోర్టల్ చిక్కులకు మూలం యంత్రంలో కంటే 'పని పూర్తయింది' అనే మాటను ఎవరు, ఏ ఆధారంతో పలికారన్న దాంట్లోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధరణి, భూ భారతి, నర్సంపేట, మోకా, పహాణీ, అనుభవదారు, సాదాబైనామా, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నిర్వహణ, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

ధరణిపై ఇంతవరకు వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు పాయలుగా సాగింది. మొదటిది న్యాయపరమైనది. 2020 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో అప్పీలుకు చోటు లేకపోవడం, రికార్డులోని తప్పును సవరించే అధికారం ఎవరిదో స్పష్టంగా చెప్పకపోవడం ఆ విమర్శకు కేంద్రం. రెండవది రాజకీయమైనది. ఎవరి భూములు ఎవరి పేరు మీదికి మారాయి, ఎవరు లాభపడ్డారు అన్నవి దాని ప్రశ్నలు. రెండూ అవసరమైనవే. అయితే ధరణి ఒక చట్టం పేరో, ఒక ప్రభుత్వం పేరో మాత్రమే కాదు. అది కొందరు మనుషులు కూర్చొని, కొన్ని గడువులకు లోబడి తయారుచేసిన వస్తువు కూడా. ఆ తయారీ పద్ధతిని విమర్శకు పెట్టిన రచనలు అరుదు.

తెలుగు పరిశోధన పత్రికలో సాఫ్ట్‌వేర్ గురించి వ్యాసమేమిటని కొందరికి తోచవచ్చు. ఒక పోర్టల్ దేనికి పేరు పెట్టింది, దేనికి పెట్టలేదు, ఎవరిని కర్తగా నిలిపింది, ఎవరిని వాక్యం నుంచి తప్పించింది అన్నవి పాఠవిమర్శ ప్రశ్నలే. పైగా ఈ పాఠాన్ని చదవక తప్పనివారు లక్షల్లో ఉన్నారు. మన కాలంలో ఏ కావ్యానికీ అంతమంది పాఠకులు లేరు.

2. ఒక సర్వే నంబరు, ఎన్నో పొరలు

నర్సంపేట రెవెన్యూ డివిజన్ కేంద్రం. దానికి తూర్పున ఖానాపురం మండలంలో కాకతీయుల నాటి పాఖాల చెరువు, చెరువును ఆనుకొని అడవి. చెరువు నీరు పారే చోట వరి, మిగతా చేలల్లో పత్తి, మిర్చి, మక్కజొన్న. పైకి సాదాగా కనిపించే ఈ నేలకు కాగితాల చరిత్ర చాలా దట్టమైనది. నిజాం పాలనలో ఏర్పడిన సేత్వార్, 1949 తర్వాత జాగీర్ల రద్దు, 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు దక్కిన హక్కులు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఆపైన ఏటేటా రాసిన పహాణీలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వీటికి తోడు ఇనాం, లావుణి, శిఖం, బంచరాయి, బిల్లా దాఖలా వంటి భూ తరగతులున్నాయి. అడవి అంచున పోడు భూములున్నాయి. ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ ఒక హక్కుకో, ఒక హక్కు లేమికో పేరు.

దీనికి పరిపాలనా విభాగాల మార్పు కూడా తోడైంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నర్సంపేట వరంగల్ రూరల్ జిల్లాలోకి వచ్చింది. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరే వరంగల్‌గా మారింది. నేల కదలలేదు. దాని చిరునామా మాత్రం అయిదేళ్లలో రెండుసార్లు మారింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తాత పేరు మీద ఒక సర్వే నంబరులో ఎనిమిది ఎకరాల పట్టా ఉంది. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నారు. పెద్దవాడు భీవండి మగ్గాల పనికి వెళ్లాడు. నడిమివాడు కూతురి పెళ్లికి ఎకరం పది గుంటలను తెల్లకాగితం మీద అమ్మాడు, అంటే సాదాబైనామా రాసిచ్చాడు. కొన్నవాడు ఇరవై ఏళ్లుగా దున్నుకుంటున్నాడు. చిన్నవాడి పొలంలో కొంత చెరువు శిఖంలో కలుస్తుందని ఒక అధికారి అన్నాడు, కలవదని మరొకరు అన్నారు. ఊరిలో ఎవరినడిగినా ఎవరి చెలక ఏదో గట్టు చూపించి చెబుతారు. కాగితం మీద మాత్రం తాత పేరే ఉంది. విరాసత్ కాలేదు, హద్దులు పడలేదు, క్రయం రిజిస్టరు కాలేదు.

పాత పహాణీ ఈ చిక్కును విప్పలేదు. అయితే దాచనూ లేదు. అందులో పట్టాదారు పేరుకూ అనుభవదారు పేరుకూ విడివిడి కాలమ్‌లు ఉండేవి. హక్కు ఎవరిదో ఒకచోట, కాస్తు ఎవరిదో మరొకచోట రాసేవారు. పరస్పరం పొసగని రెండు సత్యాలు ఒకే పుటలో పక్కపక్కన నిలవగలిగేవి. పట్వారీ డబ్బు తీసుకొని ఆ రెండో కాలమ్‌లో పేరు మార్చిన సందర్భాలు ఊరూరా వినిపిస్తాయి. అది ఆ కాలమ్‌ను దుర్వినియోగం చేయడం. కాలమ్ అవసరమే లేదని దానివల్ల రుజువు కాదు.

3. 'పూర్తి' అనే మాట

సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఒక మాటకు విశేష ప్రాముఖ్యం ఉంది. ఒక పని 'పూర్తయింది' అనడానికి ఏయే షరతులు నెరవేరాలో బృందం ముందే రాసుకోవాలంటారు. లేకపోతే రాసినవాడి దృష్టిలో పూర్తయినది పరీక్షించేవాడి దృష్టిలో సగమే అవుతుంది, వాడేవాడి దృష్టిలో మొదలే కాదు. ధరణి చరిత్రను ఈ ఒక్క మాట వెంట నడిచి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

మొదటి 'పూర్తి' 2017లో వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు 15న మొదలైన భూరికార్డుల ప్రక్షాళనకు డిసెంబరు 31 గడువు. అంటే వంద రోజుల పైచిలుకు. దశాబ్దాలుగా పేరుకున్న పొరలను ఆ వ్యవధిలో పరిశీలించి భూములను రెండు భాగాలు చేశారు. వివాదం లేనివి పార్ట్-ఎ, ఉన్నవి పార్ట్-బి. 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు నాలుగు వేల రూపాయల సాయం పంచడానికి పాసుపుస్తకాలు కావాలి. సాయం అందించే తేదీయే రికార్డు సవరణకు తుదిగడువుగా మారింది. రైతు చేతికి డబ్బు అందడం మంచిదే. కానీ డబ్బు పంచడానికి సరిపోయే జాబితా వేరు, హక్కును శాశ్వతంగా తేల్చే రికార్డు వేరు. మొదటి అవసరానికి తయారైన దత్తాంశం రెండో అవసరానికి పునాది అయింది.

రెండో 'పూర్తి' 2020లో వచ్చింది. సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు నిలిపివేశారు. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. సెప్టెంబరు 11న శాసనసభ కొత్త చట్టాన్ని ఆమోదించింది. దసరా నాడు ప్రారంభమని తొలుత ప్రకటించి, చివరికి అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ముఖ్యమంత్రి పోర్టల్‌ను ప్రారంభించారు. నవంబరు 2 నుంచి తహసీల్దారు కార్యాలయాలలో సాగుభూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. పోర్టల్ పని అంతకుముందే సాగుతున్నా, చట్టం రూపు తేలిన నాటి నుంచి ప్రారంభానికి మిగిలినవి నలభై ఎనిమిది రోజులు. పాత పద్ధతి, కొత్త పద్ధతి కొంతకాలం పక్కపక్కన నడిచి ఒకదాన్నొకటి సరిచూసుకొనే అవకాశం ఇక్కడ లేదు. పాతది మూసివేసిన తర్వాతే కొత్తది తెరుచుకుంది.

ఇక్కడ ధరణికి దక్కవలసిన మెప్పు దక్కాలి. రికార్డు సరిగ్గా ఉన్న రైతుకు రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేచోట, ఒకే పూట పూర్తయ్యాయి. గతంలో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు అయ్యాక పేరు మార్పిడికి నెలల తరబడి తిరిగినవారికి అది చిన్న సంగతి కాదు. పోర్టల్ పనిచేసింది. ఎవరికి పనిచేసిందన్నదే ప్రశ్న.

వ్యవసాయేతర ఆస్తుల విషయంలో జరిగింది అంతగా చర్చకు రాలేదు గానీ నా దృష్టిలో అదే ఎక్కువ పాఠం చెబుతుంది. వాటి రిజిస్ట్రేషన్లు డిసెంబరు 14న ధరణి ద్వారా మొదలయ్యాయి. ఆధార్ వంటి వ్యక్తిగత వివరాలు అడగడంపై హైకోర్టు అభ్యంతరం చెప్పింది. వారం తిరిగేసరికి, డిసెంబరు 21 నుంచి, ప్రభుత్వం పాత 'కార్డ్' పద్ధతికే తిరిగి వెళ్లింది. 'కార్డ్' ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైన కంప్యూటరీకరణ. ఇరవై రెండేళ్ల పాత వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉన్నందువల్లే పట్టణ ఆస్తులవారికి వెనక్కి వెళ్లే దారి మిగిలింది. సాగుభూమికి ఆ దారి లేదు. ఇల్లు కొన్నవాడికి దొరికిన వెసులుబాటు చెలక కొన్నవాడికి దొరకలేదు.

4. మోకా, గెంబా

సాఫ్ట్‌వేర్ నిర్మాణ పద్ధతుల చరిత్రను నాలుగు మాటల్లో చెప్పుకొని ముందుకు సాగుదాం. అవసరాల సేకరణ, రూపకల్పన, రచన, పరీక్ష అనే మెట్లను ఒకదాని తర్వాత ఒకటి దిగే పద్ధతిని 1970లో విన్‌స్టన్ రాయిస్ ఒక వ్యాసంలో వర్ణించాడు. అదే వ్యాసంలో ఆ పద్ధతి ప్రమాదకరమని హెచ్చరించాడు కూడా. ప్రపంచం బొమ్మను తీసుకొని హెచ్చరికను వదిలేసింది. 1986లో తకేఉచి, నొనాకా అనే జపాన్ ఆచార్యులు కొత్త వస్తువుల తయారీలో బృందమంతా కలిసి ముందుకు సాగే తీరును రగ్బీ ఆటతో పోల్చారు. 'స్క్రమ్' అనే పేరు అక్కడినుంచి వచ్చింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో పదిహేడు మంది కలిసి 'ఎజైల్' ప్రకటన చేశారు. చిన్న చిన్న విడతలుగా పని అందించాలి, వాడేవారితో రోజూ కలిసి పనిచేయాలి, మార్పును ఆహ్వానించాలి అన్నది దాని సారం. హైదరాబాదు మాదాపూర్‌లో ఏ అంతస్తులో అడిగినా ఈ మాటలు కంఠస్థంగా వినిపిస్తాయి.

ఈ పరంపరకు వెనుక టొయోటా కర్మాగారం ఉంది. తైఇచి ఒనో రూపొందించిన ఉత్పత్తి విధానంలో ఒక మూలసూత్రం 'గెంబా'. అంటే పని నిజంగా జరిగే చోటు. చిక్కు వస్తే నివేదిక తెప్పించుకొని చదవడం చాలదు, ఆ చోటికి వెళ్లి నిలబడి కళ్లారా చూడాలి. ఈ భావనను బోధించడానికి మన సంస్థలు జపాన్ మాటనే వాడుతున్నాయి. నిజానికి తెలంగాణ రెవెన్యూ వాడుకలో దీనికి సరితూగే మాట తరతరాలుగా ఉంది. అదే 'మోకా'. మోకా మీద ఎవరున్నారు, మోకా పంచనామా చేశారా, కాగితం మీద మూడెకరాలు మోకా మీద రెండున్నరే అన్న వాక్యాలు నర్సంపేట తహసీలు ఆవరణలో కొత్తవి కావు. రికార్డుకూ నేలకూ మధ్య దూరం ఎప్పుడూ ఉంటుందనీ, ఆ దూరాన్ని కొలవాలంటే నేల మీదికి వెళ్లాలనీ ఆ ఒక్క మాటలోనే ఉంది. ఉర్దూ నుంచి వచ్చి తెలుగైన ఈ పదం గెంబాకు ఏమాత్రం తీసిపోదు.

ధరణి నిర్మాణంలో తప్పిపోయింది మోకా. గ్రామ రెవెన్యూ అధికారుల మీద అవినీతి ఆరోపణలు బలంగా ఉన్నమాట నిజం. వారిని తొలగించడానికి కారణాలూ ఉన్నాయి. అయితే వారితోపాటు మోకా జ్ఞానం కూడా వ్యవస్థ నుంచి వెళ్లిపోయింది. దాని స్థానంలో మరొకరిని నిలపలేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు కూడా ఇటువంటి ఖాళీయే ఏర్పడింది. అప్పుడు కాగితాలు మిగిలాయి. ఈసారి కాగితం కూడా తెర మీదికి వెళ్లింది.

మెల్విన్ కాన్వే 1968లో ఒక పరిశీలన చేశాడు. ఏ సంస్థ తయారుచేసిన వ్యవస్థ అయినా ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో ఆ రూపాన్నే పొందుతుందని దాని తాత్పర్యం. ధరణికి ఇది అక్షరాలా సరిపోతుంది. అధికారం జిల్లా స్థాయిలో పోగుపడింది కాబట్టి సవరణ దరఖాస్తులలో చాలా భాగం కలెక్టరు లాగిన్‌కు చేరేట్టు పోర్టల్ తయారైంది. నల్లబెల్లిలోనో నెక్కొండలోనో గట్టు తగాదా జిల్లా కేంద్రంలోని తెర మీద ఒక వరుసగా మారింది. 2024 ఫిబ్రవరి చివర సవరణ అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు, అదనపు కలెక్టర్లకు పంచినప్పుడు పేరుకున్న దరఖాస్తులు సుమారు రెండున్నర లక్షలు. ఇక్కడ సాంకేతిక లోపాన్ని వెదకడం వృథా. పోర్టల్ తన యజమాని రూపాన్ని నమ్మకంగా ప్రతిబింబించింది.

5. రాలిపోయిన కాలమ్

పాఠవిమర్శ దృష్టితో ధరణిని చదివితే మొదట కనిపించేది ఒక లోపం కాదు, ఒక తొలగింపు. అనుభవదారు కాలమ్ ఉండదు. దీన్ని మరచిపోలేదు, కావాలనే తీసేశారు. కాస్తు నమోదు వల్ల పట్టాదారు హక్కుకు ముప్పు వస్తుందనీ, కౌలుదారుతో వ్యవహారం యజమాని చూసుకుంటాడనీ ప్రభుత్వ వాదన. ఈ వాదనలో యజమాని వైపు నుంచి కొంత న్యాయం ఉంది. కానీ కాలమ్ తీసివేస్తే కాస్తు పోదు, దాని గురించి చెప్పే వాక్యం మాత్రమే పోతుంది. పై ఉదాహరణలో సాదాబైనామా మీద కొని ఇరవై ఏళ్లుగా దున్నుతున్నవాడు వ్యాకరణంలోనే లేకుండా పోయాడు. పట్టా పేరున్నవాడి వారసుడు అదే భూమిని మరొకరికి అమ్మితే తెర మీద ఏ అడ్డూ లేదు.

సాదాబైనామాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2014 జూన్ 2కు ముందు జరిగిన అటువంటి కొనుగోళ్లను క్రమబద్ధం చేయడానికి 2016లో ఒకసారి, 2020 అక్టోబరు, నవంబరులలో మరొకసారి దరఖాస్తులు తీసుకున్నారు. రెండో విడత గడువు నడుస్తుండగానే అక్టోబరు 29న కొత్త చట్టం అమలులోకి వచ్చి, క్రమబద్ధీకరణకు ఆధారమైన పాత చట్టం రద్దయింది. ఆ తేదీ తర్వాత వచ్చిన దరఖాస్తులను హైకోర్టు ఆపింది. ఒకే శాఖ ఒక చేత్తో దరఖాస్తు తీసుకుంటూ మరో చేత్తో దాన్ని పరిష్కరించే అధికారాన్ని మూసివేసింది. సాఫ్ట్‌వేర్ బృందంలో ఒక జట్టు కట్టుతున్న గదిని మరో జట్టు కూల్చివేయడం ఇలాగే ఉంటుంది. అక్కడ దాన్ని సమన్వయ లోపం అని ఒక వరుసలో రాసి సరిపెడతారు. ఇక్కడ దాని బరువు లక్షల కుటుంబాల మీద పడింది.

ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో సాఫ్ట్‌వేర్‌లోని క్లిష్టతను రెండు రకాలుగా విడదీశాడు. విషయంలో సహజంగా ఉన్న క్లిష్టత ఒకటి, పనిముట్ల వల్ల వచ్చిపడిన క్లిష్టత మరొకటి. రెండోదాన్ని తగ్గించవచ్చు. మొదటిదాన్ని తీసేస్తే విషయమే పోతుంది. ధరణి రూపకర్తలు ఈ విభజనలో పొరబడ్డారని నా అభిప్రాయం. భూమికీ మనిషికీ మధ్య ఉన్న పలు సంబంధాలను వారు కిందిస్థాయి ఉద్యోగుల వల్ల వచ్చిపడిన గందరగోళంగా భావించారు. అది వచ్చిపడినది కాదు, విషయంలో ఉన్నదే. ఒకచోట తీసేసిన క్లిష్టత మరొకచోట మాడ్యూళ్లుగా మొలిచింది. నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన భూమికి టీఎం-15, పాసుపుస్తకంలోని వివరాల సవరణకు టీఎం-33. ఇలా ముప్పైకి పైగా వాకిళ్లు. తన తప్పుకు సరైన వాకిలి ఏదో తెలియక తప్పు వాకిలిలో దరఖాస్తు పెట్టుకున్న రైతు మళ్లీ మొదటికి రావలసిందే. పోర్టల్ తెలుగులోనూ కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ విరాసత్ అని పిలుచుకొనే దాన్ని 'సక్సెషన్' అనే అరలో వెదకాలని ఎవరు చెప్పాలి? మీసేవ కేంద్రంలోని ఆపరేటరే చాలామందికి వ్యాఖ్యాత అయ్యాడు. మూలపాఠం దుర్బోధమైతే వ్యాఖ్యాతకు విలువ పెరగడం మనకు తెలియనిది కాదు.

ఎజైల్ ప్రకటనను కూడా ఇక్కడ విమర్శించక తప్పదు. పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి ప్రధాన కొలమానమని దాని సూత్రాలలో ఒకటి. కొనుగోలుదారుకు నచ్చకపోతే మరో సరుకు కొనుక్కొనే మార్కెట్‌లో ఈ కొలమానం చెల్లవచ్చు. పౌరుడికి మరో ధరణి లేదు. అతనికి పోర్టల్ పనిచేయడం ఒక్కటే చాలదు, పోర్టల్ తప్పని చెప్పుకొనే చోటు కూడా కావాలి. బ్రిటన్ తపాలాశాఖలో 'హొరైజన్' అనే లెక్కల వ్యవస్థ చూపిన లోటును నిజమని నమ్మి 900 మందికి పైగా చిన్న తపాలా నిర్వాహకులను దొంగలుగా నిర్ధారించిన ఉదంతం ప్రపంచం ముందుంది. అక్కడా యంత్రంలోని పొరపాటు కన్నా, యంత్రం పొరపాటు పడదన్న సంస్థ నమ్మకమే ఎక్కువ నాశనం చేసింది.

6. యజమాని లేని పట్టిక

చేయవలసిన పనుల వరుస పట్టికను సాఫ్ట్‌వేర్ బృందాలు 'బ్యాక్‌లాగ్' అంటాయి. ఆ పట్టికకు ఒక యజమాని తప్పనిసరి. ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించి సమాధానం చెప్పేది అతనే. 2017లో పక్కకు పెట్టిన పార్ట్-బి అచ్చంగా ఒక బ్యాక్‌లాగ్. తర్వాత చూద్దామన్న పనుల కుప్ప. 2020 చట్టంలో దానికి యజమాని లేడు. పార్ట్-బిలో పడిన భూమికి పాసుపుస్తకం వచ్చేది కాదు. పాసుపుస్తకం లేకపోతే రైతుబంధు అందేది కాదు, పంట రుణం కష్టమయ్యేది, అమ్మకం అసాధ్యమయ్యేది. 'తర్వాత' అనే మాటకు తేదీ వేయకపోతే దాని అర్థం ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

7. భూ భారతి: పాఠాంతరమా, పునర్లేఖనమా?

2024 జనవరిలో ప్రభుత్వం నియమించిన అయిదుగురు సభ్యుల ధరణి కమిటీలో భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్ కుమార్ వంటివారు ఉన్నారు. పోర్టల్ నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ నుంచి అదే ఏడాది చివర ఎన్‌ఐసీకి మారింది. డిసెంబరులో సభ ఆమోదించిన భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. అప్పీలు దారి తెరిచింది. ముప్పైకి పైగా ఉన్న మాడ్యూళ్లను ఆరుకు కుదించామని ప్రభుత్వం చెప్పింది.

నిర్మాణ పద్ధతి దృష్ట్యా గమనించవలసింది మాడ్యూళ్ల సంఖ్య కాదు. వాకిళ్లు తగ్గినంత మాత్రాన ఇల్లు సులువు కాదు, లోపల నడవాలు పెరిగి ఉండవచ్చు. గమనించవలసింది అమలు తీరు. ముందుగా నాలుగు మండలాలు ఎంచుకున్నారు: మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్. చివరిది నర్సంపేట డివిజన్‌కు ఉత్తరాన, ములుగు జిల్లాలో ఉంది. రామప్ప గుడి వెలసిన పాలంపేట ఆ మండలంలోదే. అక్కడ అధికారులే ఊళ్లకు వెళ్లి రెవెన్యూ సదస్సులలో దరఖాస్తులు తీసుకున్నారు. మే నెలలో జిల్లాకొక మండలం చొప్పున మరికొన్నింటికి, జూన్‌లో రాష్ట్రమంతటికీ విస్తరించారు. చిన్న విడతగా మొదలుపెట్టి, చూసి, పెంచడం అంటే ఇదే. ఊరి మధ్య కుర్చీలు వేసి చిక్కులు వినడం అవసరాల సేకరణే. అయిదేళ్ల కిందట, కోడు రాయకముందు జరగవలసిన పని అది. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారుల నియామకంతో ఊరికి మళ్లీ ఒక రెవెన్యూ మనిషి వచ్చాడు.

అయినా రెండు సందేహాలు మిగులుతాయి. నాలుగు మండలాలకూ రాష్ట్రమంతటికీ మధ్య గడిచింది ఏడు వారాలు. వెంకటాపూర్‌లో నేర్చుకున్నది పోర్టల్‌లోకి ఎక్కడానికి ఆ వ్యవధి చాలిందా? ప్రయోగదశ అన్నది నేర్చుకోవడానికి ఉన్నదా, ప్రారంభోత్సవానికి తొలి అంకమా అన్నది దీన్నిబట్టి తేలుతుంది. రెండోది లెక్కకు సంబంధించినది. ప్రభుత్వ కార్యాలయాల పరిభాషలో 'డిస్పోజ్' అయిన దరఖాస్తు అంటే ఆమోదించినదీ కావచ్చు, తిరస్కరించినదీ కావచ్చు. రెండూ ఒకే సంఖ్యలో కలుస్తాయి. తెలుగు పత్రికల్లో అది 'పరిష్కారం' అవుతుంది. తిరస్కరణను పరిష్కారమని పిలిచే భాషలో ప్రగతిని కొలిస్తే 'పూర్తి' అనే మాట మళ్లీ పాత చేతుల్లోకే వెళుతుంది. ఖానాపురం రైతు దరఖాస్తు మూసివేసిన రోజున ఆయన గట్టు తగాదా కూడా ముగిసిందో లేదో ఏ డ్యాష్‌బోర్డూ చూపదు. మోకాకు వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. అలా అడగడాన్ని కూడా పని పూర్తికి ఒక షరతుగా రాసుకోవాలన్నది ఈ వ్యాసకర్త ప్రతిపాదన. మూసివేసిన ప్రతి నూరు దరఖాస్తులలో కొన్నింటినైనా, మూడు నెలల తర్వాత, దరఖాస్తును చూసిన అధికారి కాకుండా మరొకరు ఊరికి వెళ్లి సరిచూడటం పెద్ద ఖర్చయ్యే పని కాదు.

8. తెలుగు శాఖలకు ఇందులో పనేమిటి

అవసరాల సేకరణ అనే కళ సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనిపెట్టింది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలపైనే. అది 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురణగా వచ్చింది. పరిశోధకులు జిల్లాలు తిరిగి, నాగలి పట్టినవాడినే అడిగి, ఒక పనిముట్టుకు ఎన్ని పేర్లున్నాయో, ఒక పేరు ఎంతమేర విస్తరించిందో నమోదు చేశారు. తెలుగు మాండలిక మండలాలను గుర్తించడానికి ఆ సేకరణ ఆధారమైంది. వాడేవాడి నోటినుంచి మాటను తీసుకోవడం, ఒకే వస్తువుకు రెండు పేర్లు వినిపిస్తే ఒకదాన్ని కొట్టివేయకుండా రెండింటినీ నిలపడం దాని పద్ధతి. ధరణి రూపకర్తలకు కావలసింది సరిగ్గా ఆ పద్ధతే. ఆ పుస్తకం గ్రంథాలయాల్లో ఉండగా వారు దాన్ని తెరిచి చూడకపోవడంలో వింత లేదు. అది ప్రాజెక్టు నిర్వహణ గ్రంథమని వారికి ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు.

వ్యవసాయ పదాలకు జరిగినంత సమగ్రమైన పని రెవెన్యూ పదాలకు జరగవలసి ఉంది. మోకా, కాస్తు, కబ్జా, విరాసత్, లావుణి, శిఖం, సాదాబైనామా వంటి మాటలు ఒక్కో తాలూకాలో ఒక్కో అర్థఛాయతో వినిపిస్తాయి. 'కబ్జా' అనే మాట తెలంగాణ రెవెన్యూ వాడుకలో కేవలం స్వాధీనం. నగరపు వార్తల్లో అది దౌర్జన్యంగా ఆక్రమించడం. ఒకే తెర మీద రెండు అర్థాలూ ఎదురైతే రైతు దేనికి 'అవును' అని నొక్కాలి? పాఖాల కింద తరి భూములవారు వాడే మాటలు, పోడు చేసుకొనే కోయల మాటలు, భూమి తగాదాల పంచాయితీలో పెద్దమనుషులు వాడే మాటలు విడివిడిగా సేకరించదగినవి. ప్రతి పదానికీ అర్థంతోపాటు ఆ పదం ఏ హక్కును సూచిస్తుంది, దానికి ఏ కాగితం సాక్ష్యం, ఆ కాగితం ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉంది అన్నవి కూడా రాయాలి. కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని ఒక పరిశోధనకు ఒక్క డివిజన్ సరిపోతుంది. 1984లో పాతికేళ్ల వయసులో పట్వారీ దస్త్రం అప్పగించినవారికి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. సేకరణ వారితో మొదలుకావాలి.